జపనీస్ బీటిల్: మొదటి వారంలో ఏరేస్తే సగం పని అయినట్టే

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మేరీలాండ్‌లలో పెరటి తోట పెంచే తెలుగువాళ్లకు జూన్ నెలాఖరు కష్టకాలం. మే నెలలో నాటిన బెండ అప్పటికి మోకాలెత్తుకు వస్తుంది. గోంగూర కొమ్మలు వేస్తుంటుంది, చిక్కుడు పందిరిని అందుకుంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే చిగురాకుల మీద ఆకుపచ్చ తల, రాగి రంగు రెక్కలతో మెరిసే పెంకు పురుగు ఒకటో రెండో కనిపిస్తాయి. చూడముచ్చటగా ఉంటాయి, అంత చిన్న పురుగు ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. వారం తిరిగేసరికి అదే మొక్క మీద ముప్పై నలభై చేరతాయి. ఆకులో పచ్చని భాగమంతా పోయి ఈనెలు మాత్రం జల్లెడలా మిగులుతాయి.

ఈ పురుగును అదుపు చేసే మార్గాలు లేక తోటలు పాడవడం లేదు. చాలా ఇళ్లలో జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, ఆలస్యం. రెండోది, ఆకు మీద ఉన్న పురుగును ఆపాలని లాన్‌కు మందు వేయడం. ఈ రెండూ ఎందుకు పనిచేయవో తెలియాలంటే ముందు ఆ పురుగు బతుకు తీరు తెలియాలి.

గుంపు ఎలా తయారవుతుంది

జపనీస్ బీటిల్ ఒంటరిగా తినే పురుగు కాదు. అది కొరికిన ఆకు నుంచి కొన్ని వాసనలు వెలువడతాయి. చుట్టుపక్కల ఎగిరే మిగతా బీటిళ్లు ఆ వాసన పట్టుకుని అదే మొక్క మీదికి వస్తాయి. కొత్తగా నేలలోంచి బయటికొచ్చిన ఆడ పురుగులు విడుదల చేసే ఫెరోమోన్ (జత కోసం పిలిచే వాసన) మగ పురుగులను లాగుతుంది. వచ్చినవి ఇంకా కొరుకుతాయి, వాసన ఇంకా పెరుగుతుంది. ఒకే వరసలో ఒక బెండ మొక్క నిండా పురుగులుండి పక్కది శుభ్రంగా కనిపించడానికి కారణం ఇదే. మొదటి వారంలో పది పురుగులు తీసేయడమంటే వాటి వెనక రాబోయే వంద పురుగులకు దారి చూపే వాసనను ఆపేయడం. జూలై రెండో వారంలో అవే పది తీసేస్తే పెద్దగా తేడా రాదు.

పురుగును గుర్తుపట్టడంలో తికమక ఉండకూడదు. పెద్ద పురుగు పొడవు సుమారు 10 మిల్లీమీటర్లు, అర అంగుళం కన్నా తక్కువే. తల, మెడ భాగం మెరిసే ఆకుపచ్చ, రెక్కల పెంకులు రాగి రంగు. రెక్కల అంచు కింద రెండు వైపులా ఐదేసి తెల్లని వెంట్రుకల కుచ్చులు, వెనక చివర మరో రెండు ఉంటాయి. ఈ తెల్ల కుచ్చులే అసలు గుర్తు. అంగుళం దాకా ఉండి, రెక్కలు కూడా ఆకుపచ్చగా కనిపించేది గ్రీన్ జూన్ బీటిల్. అది వేరే పురుగు. ఇంకో చిక్కు ఏమిటంటే, పగలు ఎంత వెతికినా ఒక్క పురుగూ దొరకదు, పొద్దున్నే చూస్తే బేసిల్ ఆకులు అంచుల నుంచి చిరిగి ఉంటాయి. అది ఏషియాటిక్ గార్డెన్ బీటిల్ పని. గోధుమ రంగులో ఉంటుంది. రాత్రి తిని, పగలు మొక్క మొదట్లో మట్టిలో దాక్కుంటుంది. దానికోసం రాత్రి టార్చి పట్టుకుని వెళ్లాలి. జపనీస్ బీటిల్ ఎండ బాగా ఉన్న పగటి పూటే తింటుంది. మొక్క పైభాగంలో మొదలుపెట్టి కిందికి దిగుతుంది.

దీనికి 300కు పైగా మొక్కలు ఆహారం. గులాబీ, ద్రాక్ష, లిండెన్, క్రేప్ మిర్టిల్, రాస్ప్‌బెర్రీ, ఆపిల్, చెర్రీ, బీన్స్, బేసిల్ అంటే చాలా ఇష్టం. మందార కుటుంబం మీద మరీ మక్కువ. బెండ, గోంగూర రెండూ ఆ కుటుంబానివే కావడం తెలుగువాళ్ల తోటలకు వచ్చిన చిక్కు. మొక్కజొన్నలో ఆకు కన్నా పీచు మీద పడుతుంది. గింజ పట్టకముందే పీచు తెగిపోతే కంకి బొక్కిగా వస్తుంది. టమాటా, వంకాయ, మిరప, సొర, బీర, ఉల్లి, వెల్లుల్లిని అంతగా పట్టించుకోదు. కాబట్టి తోటంతా కాపలా కాయాల్సిన పని లేదు. బెండ, గోంగూర, చిక్కుళ్లు, గులాబీలు ఉన్న చోట నిఘా పెడితే సరిపోతుంది.

రివర్టన్ నుంచి ఊరూరికీ

ఈ పురుగు అమెరికాలో మొదట దొరికింది న్యూజెర్సీలోనే. 1916లో రివర్టన్ దగ్గర ఒక నర్సరీలో కనిపించింది. దిగుమతి చేసుకున్న ఐరిస్ దుంపల మట్టిలో పిల్లపురుగులుగా వచ్చి ఉంటుందని అంచనా. 1912లో మొక్కల దిగుమతుల మీద తనిఖీల చట్టం వచ్చింది, అంతకు ముందే ఇది ఒడ్డు దాటి ఉంటుంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ ప్రాంతం నుంచి రివర్టన్ కారులో గంట దూరం. అంటే ఈ పురుగు మరీ పాతుకుపోయిన గడ్డ మీదే మన బెండ మొక్కలు పెరుగుతున్నాయి.

జపాన్‌లో ఇది ఇంత పెద్ద తెగులు కాదు. అక్కడ దాన్ని తినే సహజ శత్రువులు ఉన్నాయి, పిల్లపురుగులు పెరగడానికి ఇంత విశాలమైన గడ్డి మైదానాలు లేవు. అమెరికాలో ప్రతి ఇంటి ముందూ వెనకా నీళ్లు పెట్టి పెంచే లాన్ ఉంటుంది. గుడ్లు పెట్టడానికి దానికి కావలసింది సరిగ్గా అదే. ఇవాళ మిసిసిప్పీ నదికి తూర్పున చాలా రాష్ట్రాల్లో ఇది స్థిరపడింది, పడమటికీ పాకుతోంది. 2014 నుంచి ఇటలీ ఉత్తర భాగంలోనూ ఉంది.

దీని ఏడాది చక్రం ఇలా నడుస్తుంది. న్యూజెర్సీ వాతావరణంలో పెద్ద పురుగులు జూన్ రెండో సగం నుంచి నేలలోంచి వస్తాయి. ఒక్కో పురుగు 30 నుంచి 45 రోజులు బతుకుతుంది. అన్నీ ఒకేసారి రావు కాబట్టి తోటలో ఉద్ధృతి ఆరు వారాల దాకా సాగుతుంది, ఆగస్టు మధ్యకు తగ్గుతుంది. ఆడ పురుగు కొంత తిని, మధ్యాహ్నం గడ్డిలోకి దిగి 2 నుంచి 4 అంగుళాల లోతున కొన్ని గుడ్లు పెట్టి, మళ్లీ తిండికి వస్తుంది. ఇలా విడతలుగా మొత్తం 40 నుంచి 60 గుడ్లు పెడుతుంది. రెండు వారాల్లో గుడ్లు పగిలి, సి ఆకారంలో ముడుచుకుని ఉండే తెల్లని పిల్లపురుగులు గడ్డి వేళ్లు తింటాయి. చలికాలంలో లోతుకు దిగి, వసంతంలో పైకొచ్చి ఇంకొంత తిని, మే జూన్‌లలో ప్యూపాగా (పెద్ద పురుగు అయ్యే ముందు కదలకుండా ఉండే దశ) మారతాయి.

ఆంధ్ర, తెలంగాణల్లో వేరుశనగ, చెరకు రైతులు వేరుపురుగు అని పిలిచేది దీనికి దాయాది. జాతి వేరు, అది హోలోట్రైకియా. జపనీస్ బీటిల్ ఆంధ్ర, తెలంగాణల్లో లేదు. వేరుపురుగు తల్లి పురుగులు తొలకరి వానలకు నేలలోంచి లేచి రాత్రిళ్లు వేప, రేగు, తుమ్మ చెట్ల ఆకులు తింటాయి. అప్పుడే ఊరంతా కలిసి కొమ్మలు దులిపి పురుగులను ఏరి చంపితే ఆ ఏడాది వేరు నష్టం తగ్గుతుంది. అమెరికాలో పెరట్లో ఆ లెక్క కుదరదు. జపనీస్ బీటిల్ పొరుగు వీధి నుంచే కాదు, మైలు దూరం నుంచి కూడా ఎగిరి రాగలదు. అందుకే మన లాన్‌లో ఒక్క పిల్లపురుగు లేకుండా చేసినా బెండ మీదికి వచ్చే పెద్ద పురుగులు తగ్గవు. లాన్ మందు లాన్‌ను కాపాడుతుంది, అంతే. ఈ ఒక్క సంగతి తెలియక ఏటా డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

చేత్తో ఏరడం

వినడానికి చాదస్తంగా ఉన్నా, ఇంటి తోట స్థాయిలో దీనికి సాటి వచ్చే పద్ధతి లేదు. కావలసింది వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో లీటరు నీళ్లు, ఒక టీస్పూన్ గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు. సబ్బు వేయకపోతే పురుగులు నీటి మీద తేలి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఎగిరిపోతాయి. సబ్బు నీటి పైపొర బిగువును తీసేస్తుంది కాబట్టి పడ్డవి పడ్డట్టే మునుగుతాయి.

బీటిల్‌కు ఒక అలవాటు ఉంది. బెదిరితే వెనక కాళ్లు పైకి చాచి, పట్టు వదిలి కిందికి రాలుతుంది. ఆ అలవాటునే వాడుకోవాలి. డబ్బాను ఆకు కింద మూడు నాలుగు అంగుళాల దూరంలో పట్టి, పైనుంచి ఆకును వేలితో తట్టాలి. డబ్బా ముందే కింద ఉండాలి. ముందు ఆకు కదిలించి తరువాత డబ్బా పెడితే సగం గడ్డిలోకి జారిపోతాయి. మధ్యాహ్నం ఎండలో ఈ పని చేస్తే రాలడం మానేసి ఎగిరిపోతాయి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మందకొడిగా ఉంటాయి, తట్టగానే పడతాయి. రోజుకు ఒక్కసారే కుదిరితే మాత్రం సాయంత్రం ఏడు ప్రాంతంలో ఏరడం మేలు. ఈ రాష్ట్రాల్లో జూన్, జూలైలలో ఎనిమిది దాటాకే పొద్దు గుంకుతుంది. అప్పుడు మొక్క మీద ఉన్నవి రాత్రంతా అక్కడే ఉండి, మరునాటి ఎండకు మళ్లీ తినడం మొదలుపెట్టి కొత్తవాటిని పిలిచే పురుగులు. వాటిని ముందురోజు సాయంత్రమే తీసేస్తే ఆ వరస తెగుతుంది.

ఏరడం మానేసేవాళ్లు చెప్పే కారణం ఒకటే: 'ఇవాళ అన్నీ తీశాం, రేపు మళ్లీ అన్నే ఉన్నాయి.' ఆ రోజు గడ్డిలో గుడ్లు పెడుతున్న ఆడ పురుగులు మరునాడు పైకి వస్తాయి, నేలలోంచి కొత్తవి లేస్తూనే ఉంటాయి. కాబట్టి మొదటి రెండు వారాలు రోజూ ఏరాలి, తరువాత రోజు విడిచి రోజు చాలు. నాలుగైదు రోజులు వదిలేసి ఊరెళ్తే మళ్లీ మొదటికొస్తుంది. జూలై నాలుగు సెలవులకు ప్రయాణం పెట్టుకునేవాళ్లు ఆ వారానికి పొరుగువారికి డబ్బా అప్పగించడం మంచిది. పురుగును నలిపితే ఆ వాసనకు ఇంకా వస్తాయన్న మాట ఒకటి ప్రచారంలో ఉంది. దానికి ఆధారం లేదు, నలిపినా పర్వాలేదు.

ఏరేటప్పుడు ఒక చిన్న విషయం గమనించాలి. కొన్ని బీటిళ్ల తల వెనక, ఆకుపచ్చ మెడ పెంకు మీద ఆవగింజ కన్నా చిన్నదైన తెల్లని చుక్క అతికించినట్టు ఉంటుంది. అది ఇస్టోకెటా ఆల్డ్రిచి అనే ఈగ పెట్టిన గుడ్డు. ఈ ఈగను 1920లలో జపాన్ నుంచి ప్రత్యేకంగా తెప్పించి వదిలారు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల బీటిల్ లోపలికి తొలుచుకుపోయి వారం లోపే దాన్ని చంపుతుంది, వచ్చే ఏడాది ఈగగా లేస్తుంది. తెల్ల చుక్క ఉన్న బీటిల్‌ను డబ్బాలో వేయకుండా వదిలేయాలి. అది ఎలాగూ ఎక్కువ రోజులు తినదు. దాన్ని చంపితే మనకు పనికొచ్చే ఈగను చంపినట్టే.

నెట్ కప్పడం, అందులో జరిగే తప్పులు

గోంగూర విషయంలో ఏరడం ఒక్కటే సరిపోదు. బెండకు ఆకులో ఐదో వంతు పోయినా కాపు పెద్దగా తగ్గదు, ఎందుకంటే మనం తినేది కాయ. గోంగూరలో ఆకే పంట, చిల్లులు పడితే అది పంట నష్టమే. అందుకే జూన్ మధ్యలో, పురుగు కనిపించకముందే, లేత కొమ్మలన్నీ ఒకసారి కోసుకుని పచ్చడో పప్పో చేసుకోవాలి. ఆ వెంటనే మడి మీద సన్నని కళ్ల ఇన్‌సెక్ట్ నెట్ కప్పాలి. కన్ను 3 లేదా 4 మిల్లీమీటర్లు మించకుండా చూసుకోవాలి. పక్షులకు కప్పే వల పనికిరాదు, దాంట్లోంచి బీటిల్ హాయిగా దూరుతుంది. మంచు నుంచి కాపాడే తెల్లని గుడ్డ కూడా వద్దు. జూలై ఎండకు దాని కింద మొక్క ఉడికిపోతుంది.

నాలుగడుగుల వెడల్పు మడికి అర అంగుళం పీవీసీ పైపును పదేసి అడుగుల ముక్కలుగా కమానులా వంచి, మూడు నాలుగు అడుగులకు ఒకటి గుచ్చితే సరిపోతుంది. నెట్ అంచులను ఇటుకలతోనో, రెండు అంగుళాల మట్టితోనో మూసేయాలి. ఆకులు నెట్‌ను తాకకుండా ఖాళీ ఉండాలి. తాకితే పురుగు బయట కూర్చునే కన్నుల్లోంచి కొరుకుతుంది. అందరూ మరిచిపోయేది ఇంకొకటి. కిందటేడు దాకా లాన్‌గా ఉండి ఈ ఏడాది తవ్వి మడి చేసిన నేల అయితే అందులోనే పిల్లపురుగులు ఉంటాయి. అవి పెద్ద పురుగులై నెట్ లోపలే పైకి లేస్తాయి. బయట శత్రువును ఆపి లోపల పెంచుకున్నట్టవుతుంది. మొదటి రెండు వారాలు నెట్ ఎత్తి లోపల చూస్తూ ఉండాలి. మడి తవ్వేటప్పుడు కనిపించిన తెల్ల పురుగులన్నిటినీ ఏరి పక్షులకు వేయాలి.

బెండ పువ్వు తనంతట తానే ఫలదీకరణం చెందుతుంది. బీన్స్, చిక్కుడు కూడా చాలా మటుకు అంతే. నెట్ కింద ఉన్నా కాస్తాయి. దోస, కాకర, బీర, సొరకు తేనెటీగలు రావాలి కాబట్టి వాటిని కప్పకూడదు. వాటిని ఈ పురుగు పెద్దగా ముట్టుకోదు కూడా. ఆగస్టు మధ్యలో నెట్ తీసేసి గోంగూరకు కొంచెం నత్రజని ఎరువు, నీళ్లు ఇస్తే సెప్టెంబరులో మళ్లీ గుబురుగా వస్తుంది.

వేప నూనె ఎందుకు కొందరికే పనిచేస్తుంది

వేప అనగానే మనకు నమ్మకం ఎక్కువ. ఊళ్లో పంటలకు 100 లీటర్ల నీటికి 5 కిలోల గింజల పొడితో కషాయం చేసి కొట్టిన అనుభవం చాలా కుటుంబాలది. అందులో పురుగు తిండిని మాన్పించేది అజాడిరక్టిన్ అనే పదార్థం. అమెరికాలో హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే చాలా వేప నూనె సీసాల్లో అది ఉండదు. అజాడిరక్టిన్‌ను విడదీసి తీసేసిన, శుద్ధి చేసిన నూనెనే వాటిలో పోస్తారు. బూజు తెగులుకు, మెత్తటి పురుగులకు అది ఉపయోగమే. బీటిల్ మీద దాని ప్రభావం తక్కువ. లేబుల్ మీద క్రియాశీల పదార్థం దగ్గర అజాడిరక్టిన్ అని, దాని శాతం ఎంతో రాసి ఉన్నదే కొనాలి.

అది దొరికినా, గుంపు చేరాక కొడితే ఫలితం ఉండదు. అది పెద్ద బీటిల్‌ను చంపదు, ఆకు రుచి చెడగొట్టి పక్కకు తప్పిస్తుంది. ఆకు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు, మొదటి పురుగు కనిపించిన రోజునే మొదలుపెట్టాలి. ఆకు రెండు వైపులా తడిసేలా సాయంత్రం కొట్టాలి. లేబుల్ చెప్పిన వ్యవధిలో, గట్టి వాన పడితే అంతకన్నా ముందే మళ్లీ కొట్టాలి. 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన ఎండలో నూనె కొడితే ఆకులు మాడతాయి.

గిన్నెలు తోమే సబ్బును నీళ్లలో కలిపి ఆకుల మీద చల్లేవాళ్లు ఉన్నారు. డబ్బాలో పురుగును ముంచడానికి పనికొచ్చేది ఆకు మీద పనికిరాదు. అది ఆకు పైనున్న మైనపు పొరను పాడుచేస్తుంది. కావాలంటే మొక్కల కోసమే చేసిన ఇన్‌సెక్టిసైడల్ సబ్బు వాడాలి. అదీ పురుగు ఒంటి మీద నేరుగా పడితేనే పని చేస్తుంది. ఆరిపోయాక ఇంక దాని పని అయిపోయినట్టే.

బీటీ (పురుగులను చంపే బాక్టీరియాతో చేసిన మందు) పేరుతో దొరికేవన్నీ ఒకటి కావు. క్యాబేజీ మీద గొంగళి పురుగులకు కొట్టే కుర్‌స్టాకీ రకం బీటిల్ మీద అసలు పనిచేయదు. గల్లేరియే అనే రకం బీటిళ్ల కోసం ఉంది. ధర ఎక్కువే, కానీ తేనెటీగల మీద ప్రభావం తక్కువ. పురుగు దాన్ని ఆకుతో పాటు తినాలి కాబట్టి వెంటనే రాలిపోతుందని ఆశపడకూడదు.

కార్బరిల్, పైరెత్రాయిడ్ లాంటి రసాయన మందులు పెద్ద పురుగును చంపుతాయి, కొన్నాళ్లు కొత్తవాటిని ఆపుతాయి కూడా. వాటి వల్ల వచ్చే నష్టాలు తెలిసి వాడాలి. పువ్వు మీద పడితే తేనెటీగలు చస్తాయి. ఎర్రనల్లిని తినే మిత్ర పురుగులు పోయి, రెండు వారాల తరువాత బెండ, చిక్కుడు ఆకుల కింద నల్లి విజృంభిస్తుంది. సెవిన్ అనే పేరు చూసి పాత మందే అనుకోవద్దు. ఇప్పుడు ఇళ్ల తోటల కోసం ఆ పేరుతో అమ్మే వాటిలో కార్బరిల్‌కు బదులు జీటా సైపర్‌మెత్రిన్ ఉంటుంది. మోతాదు, కోతకు ముందు ఆగాల్సిన రోజులు లేబుల్ మీదే చూసుకోవాలి. లేబుల్‌లో పేరు లేని పంట మీద మందు కొట్టడం అమెరికా చట్టానికి విరుద్ధం. బెండ పేరు చాలా లేబుళ్లలో ఉంటుంది. గోంగూర పేరు ఉండటం అరుదు. రెండు రోజులకోసారి ఆకు కోసుకునే మొక్క మీద ఇలాంటి మందు వద్దనే గట్టిగా చెప్పాలి.

గులాబీల మొదట్లో పోసే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందుల గురించి ఒక హెచ్చరిక. వేరు పీల్చుకుని మొక్కంతా పాకించుకుంటుంది, పూలలోకి కూడా చేరుతుంది. గులాబీ పక్కనే పుదీనా, గోంగూర ఉంటే వాటి వేళ్లకూ అందుతుంది. న్యూజెర్సీ 2022లో చేసిన చట్టంతో ఈ తరగతి మందులను ఇంటి ఆరుబయట వాడకానికి మామూలు కొనుగోలుదారులకు అందకుండా చేసింది. అటకమీద మిగిలిన పాత సీసా ఉంటే వాడకుండా కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇచ్చేయాలి.

పసుపు సంచి ఉచ్చు

దుకాణంలో అన్నిటికన్నా ముందు కంటబడేది ఇదే. పువ్వుల వాసన, ఆడ పురుగు ఫెరోమోన్ కలిపిన ఎర, కింద సంచి. రెండు రోజుల్లో సంచి నిండిపోతుంది, చూసి సంబరపడతారు. సంచిలో పడినవి కనిపిస్తాయి, ఎరకు వచ్చి సంచిలో పడకుండా పక్క మొక్క మీద వాలినవి లెక్కకు రావు. 1980లలో కెంటకీ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో తేలింది కూడా ఇదే: ఉచ్చు తాను పట్టగలిగిన దానికన్నా ఎక్కువ పురుగులను రప్పిస్తుంది, దాని దగ్గరున్న మొక్కలకు నష్టం పెరుగుతుంది. మొక్కలకు 30 అడుగుల దూరంలో పెట్టమని ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. పావు ఎకరం స్థలంలో అటు మన తోటకూ ఇటు పక్కింటి తోటకూ దూరంగా ఉండే చోటు దొరకదు. ఇంటి తోటలో ఉచ్చు పెట్టకపోవడమే మంచిది. ఆరెగన్, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో వ్యవసాయ శాఖలు వాటిని వాడేది పురుగు కొత్తగా ఎక్కడికి చేరిందో పసిగట్టడానికి.

లాన్ సంగతి వేరు

లాన్ మీద గడ్డి చాపలా చుట్టుకుని లేచి వస్తుంటే, రాత్రిళ్లు స్కంక్‌లు, రకూన్‌లు తవ్విపోతుంటే పిల్లపురుగులు ఉన్నట్టు. అనుమానంతో మందు వేయకూడదు, లెక్క చూడాలి. ఆగస్టు చివర లేదా సెప్టెంబరులో ఒక చదరపు అడుగు గడ్డిని మూడు వైపులా కోసి, మూడు అంగుళాల లోతున వెనక్కి మడిచి పురుగులను లెక్కించాలి. నాలుగైదు చోట్ల చూడాలి. చదరపు అడుగుకు పది దాటితేనే వైద్యం అవసరం. గడ్డి అప్పటికే నీరసంగా ఉంటే ఇంకాస్త తక్కువకే జాగ్రత్త పడాలి. ఐదారు ఉన్నా బలమైన గడ్డి తట్టుకుంటుంది, సరిగ్గా నీళ్లు పెడితే కోలుకుంటుంది.

గుడ్లు పెట్టే జూలైలో లాన్‌కు నీళ్లు తగ్గించడం ఖర్చు లేని పని. తడి లేని నేలలో ఆడ పురుగు దిగదు, పెట్టిన గుడ్లు కూడా ఎండిపోతాయి. గడ్డిని మూడు అంగుళాలకు తగ్గకుండా కోస్తే వేళ్లు లోతుకు పోతాయి. నేల ఎండిపోయే వేసవి వస్తే మరుసటి ఏడాది బీటిళ్లు పలచగా ఉండటానికి కారణం ఇదే.

మందు తప్పదనుకుంటే క్లోరాంట్రానిలిప్రోల్ గుళికలు తేనెటీగలకు తక్కువ హాని చేస్తాయి. నేలలోకి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లోనే వేసి అర అంగుళం నీరు పెట్టాలి. సెప్టెంబరులో ఎదిగిన పురుగు మీద వేస్తే డబ్బు దండగ.

జీవ పద్ధతి కావాలంటే హెటెరోరాబ్డైటిస్ బాక్టీరియోఫోరా అనే సూక్ష్మ నులిపురుగులు ఉన్నాయి. వెయ్యి చదరపు అడుగులకు సుమారు 2.5 కోట్లు కావాలి. వాటిని ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారం లోపు, పిల్లపురుగులు చిన్నవిగా ఉన్నప్పుడు, నేల 60 డిగ్రీల ఫారన్‌హీట్ పైన ఉన్నప్పుడు వదలాలి. ముందు నేల తడపాలి, సూర్యుడు దిగాక చల్లాలి, వెంటనే మళ్లీ నీరు పెట్టాలి, తరువాత రెండు వారాలు నేల ఆరనివ్వకూడదు. ఇవి ప్రాణమున్న జీవులు. పార్శిల్ ఎండలో వాకిట్లో పడి ఉంటే చనిపోతాయి. తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, గడువు లోపు వాడాలి.

మిల్కీ స్పోర్ పొడికి పేరు చాలా పెద్దది. పేనిబాసిల్లస్ పోపిల్లియే అనే ఈ బాక్టీరియాను 1939 నుంచి 1953 వరకు అమెరికా ప్రభుత్వమే తూర్పు రాష్ట్రాల్లో విస్తారంగా చల్లించింది. నాలుగడుగులకో టీస్పూన్ చొప్పున వరసల్లో వేయాలి. అది జపనీస్ బీటిల్ పిల్లపురుగును తప్ప ఇంకే రకాన్నీ తాకదు. లాన్‌లో ఓరియంటల్ బీటిల్ ఎక్కువ ఉంటే అసలు పనికిరాదు, న్యూజెర్సీలో అది మామూలే. నేలలో వ్యాపించడానికి రెండు మూడేళ్లు పడుతుంది, తరువాత జరిగిన పరీక్షల్లో ఫలితాలు కూడా నిలకడగా రాలేదు. ఆ ఖర్చు నెట్ మీద పెడితే ఆ ఏడాదే ఫలితం కనిపిస్తుంది.

కుండీలతో ఇల్లు మారేవాళ్లకు

వేసవిలో బయట పెట్టిన కుండీల తడి మట్టిలో కూడా ఈ పురుగు గుడ్లు పెట్టగలదు. మందార, మల్లె కుండీలను సెప్టెంబరు చివర ఇంట్లోకి తెచ్చే ముందు మొక్కను ఒకసారి కుండీలోంచి జార్చి వేళ్ల దగ్గర చూడాలి. తెల్ల పురుగులు ఉంటే పాత మట్టి దులిపేసి కొత్త పాటింగ్ మట్టి వేయాలి. చలికాలంలో కారణం తెలియకుండా వాడిపోయే కుండీ మొక్కల్లో కొన్నిటి జబ్బు ఇదే.

తూర్పు రాష్ట్రాల నుంచి కాలిఫోర్నియా, ఆరెగన్, వాషింగ్టన్ వైపు ఉద్యోగం మారి వెళ్లేవాళ్లు మట్టితో ఉన్న కుండీలను సామాన్ల లారీలో ఎక్కించకూడదు. ఆ రాష్ట్రాలు ఈ పురుగు విషయంలో క్వారంటైన్ నిబంధనలు పెట్టుకున్నాయి. 2016 తరువాత పోర్ట్‌లాండ్ ప్రాంతంలో, 2020 తరువాత వాషింగ్టన్‌లోని గ్రాండ్‌వ్యూ దగ్గర దీన్ని తుడిచిపెట్టడానికి ఇళ్ల లాన్‌లకు మందు వేయించాల్సి వచ్చింది. కరివేపాకు కుండీకైతే దీనితో పాటు నిమ్మ జాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే సిల్లా పురుగు నిబంధనలు కూడా వర్తిస్తాయి. వెళ్లే రాష్ట్రపు వ్యవసాయ శాఖ అనుమతిస్తేనే తీసుకెళ్లాలి. లేదంటే ఇక్కడే ఎవరికైనా ఇచ్చేసి, అక్కడి లైసెన్సు ఉన్న నర్సరీలో కొత్తది కొనుక్కోవాలి.